మిరప చేలో జొన్న రొట్టె

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తెలుగు హోటళ్లకు కొదవ లేదు. మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా నన్ను ఏదో ఒకదానికి తీసుకెళ్తుంది. ఎక్కడ కూర్చున్నా, ఆర్డరు రాసుకునే కుర్రాడు కారం ఎంత కావాలో అంకెల్లో చెప్పమంటాడు, ఒకటి నుంచి అయిదు దాకా. మెనూలో 'గుంటూరు' అన్న పేరున్న ప్రతి పదార్థం పక్కనా మూడు ఎర్ర మిరపకాయల బొమ్మలుంటాయి. గుంటూరు కోడి వేపుడు సరే. గుంటూరు ఇడ్లీ కూడా పోనీ అనుకుందాం. గుంటూరు పనీరుకు మా జిల్లాతో ఏ వైపు నుంచి చుట్టరికమో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు. ఇడ్లీ తెప్పించుకుంటే కారప్పొడి కింద ఇడ్లీని వెతుక్కోవాల్సి వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఇదే అసలైన గుంటూరు అంటూ పందెం వేసుకుని మరీ తింటున్నారు.

వాళ్లను తప్పు పట్టను. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఊరి పేరున్న పళ్లెం కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే ఆ పళ్లెంలో ఉన్నది మా తిండి కాదని చెప్పే హక్కు నాకు కొంత ఉంది. పర్చూరు, చిలకలూరిపేట మధ్య నల్లరేగడి పల్లెలో పుట్టాను. నేను పుట్టేనాటికి మా ఊరు గుంటూరు జిల్లా. 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది, 2022లో మమ్మల్ని బాపట్లలో కలిపారు. ఊరు కదలకుండానే ఇన్ని జిల్లాలు తిరిగింది. నేను మాత్రం బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద తిరిగాను. పత్తి, మిరప మార్చి మార్చి వేసిన ఇల్లు మాది. రెండింట్లో ఏది ముంచుతుందో ఏది తేలుస్తుందో పంట చేతికొచ్చేదాకా మా నాన్నకు తెలిసేది కాదు.

మిరప పండించే ఇళ్లలో కారం తూకంగా పడుతుంది. ఇది బయటివాళ్లు నమ్మరు. మా రోజువారీ భోజనంలో ముందుండేది పులుపు. గోంగూర, చింతచిగురు, పచ్చి మామిడి, దోసకాయ, చుక్కకూర... వీటిలో ఏదో ఒకటి లేకుండా పప్పు ఉండేది కాదు. కారం ఆ పులుపును పట్టుకుని నడుస్తుంది. చివర్లో పెరుగన్నం, నూనెలో వేయించిన చల్లమిరపకాయ ఒకటి. చవితో మొదలైన భోజనం చలువతో ముగియాలి. మధ్యలో మండితే మండింది కానీ, మంట కోసమే తినడం మా వాళ్లకు తెలియదు. ఇక కాయ సంగతి. భౌగోళిక గుర్తింపు వచ్చిన గుంటూరు సన్నం వేరు, తేజ వేరు. తేజ ఘాటు చాలా ఎక్కువ. చైనాకు వెళ్లేదీ, నూనె తీసే ఫ్యాక్టరీలకు వెళ్లేదీ ఎక్కువగా అదే. ఇంట్లో పచ్చడికి మా అమ్మ తేజను దగ్గరికి రానిచ్చేది కాదు. పేగులు కాల్చుకోవడానికి పచ్చడెందుకు అనేది.

మా వైపు నుంచి బయటికి పోయినవాళ్లు నిజంగా కలవరించేది పండుమిరపకాయ పచ్చడి. కొరివికారం అని కూడా అంటాం. హోటల్లో మూడు బొమ్మలు గీసి పెట్టగలిగింది కాదది. జనవరి, ఫిబ్రవరిల్లో చెట్టు మీద పండి, ఇంకా ఎండకు వడలని కాయ కావాలి. తొడిమలతోనే కడగాలి, ముందే తొడిమ తీస్తే నీళ్లు లోపలికి దిగి పచ్చడి పాడవుతుంది. నీడన గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తీసి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి, మధ్యలో చింతపండు దాచి జాడీకెత్తాలి. మూడో రోజుకు చింతపండు ఆ ఊటకు మెత్తబడుతుంది. అప్పుడు మళ్లీ రోట్లో వేసి మెంతిపొడితో నూరాలి. అందులోంచి ఏ పూటకాపూట కాస్త తీసుకుని వెల్లుల్లి తిరగమోత పెట్టుకోవడమే. ఆ తొక్కే రోజు ఇంటి చుట్టుపక్కల దగ్గులే దగ్గులు. అమ్మ చేతులు రెండు రోజులు మండుతూనే ఉండేవి. కొబ్బరినూనె రాసుకుని పడుకునేది.

పత్రికల్లో 'అమ్మ చేతి వంట' గురించి మగవాళ్లు కళ్లు చెమర్చుతూ రాసే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఆ చేతుల మంటే గుర్తొస్తుంది. రుచి వాళ్లకు గుర్తుంటుంది, రోలు గుర్తుండదు. పరాయి ఊళ్లో ఇంటి తిండి దొరకలేదని బాధపడే ముందు, ఇంట్లో అది ఎవరి రెక్కల మీద తయారయ్యేదో ఒకసారి తలుచుకుంటే మంచిది. ఈ మాట అన్నందుకు మా తమ్ముడు నాతో వారం మాట్లాడలేదు. అది వేరే సంగతి.

ఇంటి తిండికి మొహంవాచిన మా ప్రాంతపు పెద్దమనిషి ఎవరంటే ముందు శ్రీనాథుణ్ణే చెప్పుకోవాలి. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారి. సన్నబియ్యం, నెయ్యి మరిగిన నోరు. పల్నాడు వెళ్తే అక్కడ జొన్నకూడు తప్ప ఏమీ దొరకలేదని విసుక్కున్నాడు. కన్నడ రాజ్యానికి వెళ్తే వెల్లుల్లి, నువ్వులపిండి తినాల్సి వచ్చిందనీ, అంబలి తాగాల్సి వచ్చిందనీ వాపోయాడు. ఆయన పేరు మీద చెలామణీలో ఉన్న చాటువులు తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. నాకు వాటిలో సరదా కలిగించేది ఇంకొకటి. ఆయన పోయిన దశాబ్దాలకు కానీ వాస్కో డ గామా ఓడ కాలికట్ చేరలేదు. మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసుల వెంట వచ్చింది. అంటే కొండవీడు నుంచి వెళ్లి ఇంటి తిండి కోసం అల్లాడిన ఆ కవి జన్మలో మిరపకాయ రుచి చూడలేదు. ఆనాటి గుంటూరు సీమ ఘాటంతా మిరియాలదే. అసలైన గుంటూరు రుచి ఏదని ఇర్వింగ్‌లో పందేలు వేసుకునేవాళ్లు ఆయన్ని పంచాయితీకి పిలిస్తే ఎవరి పక్షాన తీర్పు చెబుతాడు?

ఇంకో మెలిక కూడా ఉంది. ఆయన ఈసడించిన జొన్నకూడే మొన్నమొన్నటిదాకా మా మెట్ట పల్లెల అన్నం. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా పల్నాడులో, ప్రకాశం మెట్టలో తెల్లన్నం పండగ తిండి. మా అమ్మమ్మది దర్శి వైపు. జొన్న సంకటి, సజ్జ సంకటి, వరిగన్నం తిని పెరిగింది. సంకటి ముద్ద మధ్యలో గుంట చేసి గోంగూర పులుసు పోసుకునేది. చివరిదాకా వరన్నం తింటే కడుపు నిండినట్టుండదనేది. నీళ్లొచ్చి వరి తెచ్చాయి, పత్తి తెచ్చాయి, మిరపను పెంచాయి. ఆ వరసలో సంకటి పొయ్యి దిగిపోయింది.

మా తిండిని జాగ్రత్తగా దాచిపెట్టినవాళ్లను నేను సింధనూరులో చూశాను. 1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక అప్పటి రాయచూరు జిల్లా గంగావతి, సింధనూరు తాలూకాలకు కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివెళ్లారు. అంతకుముందు నిజాంసాగర్ కిందికి, బోధన్, వర్ని వైపు వెళ్లినట్టే. ఇక్కడ ఎకరం అమ్ముకుంటే అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. వాళ్లు కట్టుకున్న ఊళ్లను క్యాంపులంటారు. డేరాలు పోయి మేడలు లేచినా, రెండు మూడు తరాలు గడిచినా క్యాంపు క్యాంపే. నాకు అక్కడి బ్రాంచిలో పోస్టింగు వచ్చేనాటికి మా ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాళ్లూ కనిపించేవారు. 1987లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు పురుగుమందు డబ్బాలు నోటికెత్తుకున్న ఏడాది అది. అప్పుల వాళ్ల మొహం చూడలేక కొందరు ఉన్నది అమ్మేసుకుని అక్క ఇంటికో, మేనమామ ఇంటికో అని క్యాంపులు చేరారు.

వ్యవసాయ రుణాల తనిఖీకి వెళ్తే క్యాంపు ఇళ్లలో భోజనం పెట్టకుండా పంపేవాళ్లు కాదు. పొద్దున వెళ్తే జొన్న రొట్టె, శేంగా (వేరుశనగ) చట్నీ, గట్టి పెరుగు. అది పక్కింటి కన్నడ వాళ్ల దగ్గర నేర్చుకున్నది. మధ్యాహ్నం వెళ్తే మా ఊళ్లో మా అమ్మమ్మ రోజుల నాటి భోజనం. చేను గట్టు మీద గోంగూర విత్తనం గుంటూరు నుంచి కొంగున కట్టుకుని తెచ్చిందే. ఒక పెద్దావిడ కొరివికారం వడ్డించి, ఎలా ఉందని అడక్కుండా నా మొహం చూస్తూ నిలబడింది. రంగు మా ఇంటి దానికంటే ఎర్రగా ఉంది, ఘాటు తక్కువ. బ్యాడిగి కాయ అట. ఇక్కడ దొరికేది ఇదేనమ్మా, మొదట్లో ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఊరు వెళ్తే అక్కడి పచ్చడి తినలేను అంది. తర్వాత గొంతు తగ్గించి, ఊళ్లో ఇప్పుడు రోట్లో తొక్కేవాళ్లు ఎవరున్నారు, మీ అమ్మనడుగు అంది. ఆ మాట నిజం. అప్పటికే మా ఇంట్లో రోలు పెరట్లో కుడితి తొట్టి పక్కకు చేరింది.

కాయ కన్నడ దేశానిది, పద్ధతి పర్చూరుది. నాకు మాత్రం ఆ పచ్చడి గుంటూరుదే. హైదరాబాదు నుంచి పొట్లం కట్టి పంపే సీసా కంటే ఎక్కువ గుంటూరుది.

తర్వాత ఢిల్లీ. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మధ్యాహ్నం వరసలో నిలబడితే ముందు సివిల్స్‌కు చదివే శ్రీకాకుళం కుర్రాడు, వెనక పంజాబీ కుటుంబం. పప్పు, కూర, సాంబారు, పొడి, నెయ్యి, గోంగూర, ఎంత కావాలంటే అంత. ఆదివారం బిర్యానీకి ఇంకా రద్దీ. అక్కడ వండేది ఏ ఒక్క జిల్లా తిండీ కాదు. అన్ని జిల్లాల వాళ్లూ సర్దుకుపోయే సగటు భోజనం. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. తెలుగు మాట వినబడుతూ వేడన్నంలో కందిపొడి కలుపుకునే చోటు రాజధానిలో ఒకటుంది. అది చాలు. రుచి గురించి అంతకంటే గుచ్చి గుచ్చి అడగడం అత్యాశ.

గోంగూర కోసం మా అమ్మాయి పడ్డ పాట్లు చెబుతాను. టెక్సాస్ ఎండకు గోంగూర బాగానే వస్తుంది కానీ మొదటి మంచుకే చచ్చిపోతుంది. ఒక ఏడాది విత్తనం మొలవలేదు. దగ్గర్లోని లూయిస్‌విల్‌లో బర్మా నుంచి వచ్చిన చిన్ తెగ కుటుంబాలు చాలా ఉన్నాయి. మా అమ్మాయితో పనిచేసే ఒకావిడ వాళ్లలో మనిషే. మాటల్లో పుల్లటి ఆకు గురించి వస్తే, మర్నాడు సంచీ నిండా తెచ్చింది. చూస్తే మన గోంగూర. వాళ్లు చిన్ బౌంగ్ అంటారట, వెల్లుల్లి, ఎండు రొయ్యలు, పచ్చిమిరపకాయలు వేసి వేయిస్తారట. మా బాపట్ల, నిజాంపట్నం వైపు ఎండురొయ్యల గోంగూర తిన్నవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. 1942లో జపాను వాళ్లు వచ్చేదాకా రంగూను నిండా తెలుగు కూలీలే. రేవులో మూటలు మోసిన మనవాళ్లకు కూడా అంగట్లో ఈ ఆకు దొరికే ఉంటుంది. గుంటూరు బోర్డున్న హోటల్లో దొరకని ఊరి రుచి, మన పేరే వినని మనిషి పెరట్లో దొరికింది.

ఇంత తిరిగి వచ్చాక ఇప్పుడు నేనుండేది గుంటూరులో, బ్రాడీపేటలో. సాయంత్రం ఆ వీధుల్లో నడిస్తే మండీ, పలావు, ఫ్రైడ్ రైస్, మోమో. తినేవాళ్లు తింటారు, పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి. సంకటి కూడా మళ్లీ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఏసీ హోటళ్లలో జొన్న సంకటి, నాటుకోడి పులుసు అని ప్రత్యేకంగా పెడుతున్నారు. మా అమ్మమ్మ పేదరికంలో తిన్నదాన్ని మేము ఆరోగ్యం పేరుతో బిల్లు కట్టి తింటున్నాం. ఇందులో నాకు నచ్చనిదేమీ లేదు. నాకు నచ్చనిది, ఇదే జిల్లాల్లో ఇదే జొన్న కోసం ఏటా నాలుగు నెలలు వెతుక్కునే మనుషులుంటే వాళ్లు మన కంటికి ఆనకపోవడం.

మిరప కోతలు మొదలయ్యే వేళకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి. అక్కడ వాన మీద ఆధారపడ్డ పత్తి, వేరుశనగ. అవి దెబ్బతింటే ఇళ్లకు తాళాలు వేసి ముసలివాళ్లను వదిలి గుంటూరు, పల్నాడు, ప్రకాశం దారి పడతారు. పిల్లల బడి పోకుండా ప్రభుత్వం అక్కడ సీజనల్ హాస్టళ్లు పెడుతుంది. హాస్టల్లో ఉండలేని పిల్లలు తల్లుల వెంటే చేలలోకి వస్తారు. మనం ప్రపంచానికి అమ్ముకునే గుంటూరు మిరపకాయను చెట్టు నుంచి తెంపే చేతులు చాలామటుకు ఇవే. కానీ కూలీలు దొరకడం లేదన్నప్పుడు తప్ప వీళ్ల ఊసు మన కబుర్లలో రాదు.

పోయిన సంక్రాంతి తర్వాత మా ఊరు వెళ్లి మా పొలం కౌలుకు చేసే అబ్బాయి చేలో ఒక పొద్దున కూర్చున్నాను. కాలువ గట్టున నీలం పట్టాలు కట్టుకున్న గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి, పొయ్యిలో ఎండిన పత్తి కట్టె. చలికి ఒక చేయి కొంగులో దాచుకుని, ఇంకో చేత్తో ఒకమ్మాయి గిన్నెలో మరిగే నీళ్లు జొన్నపిండిలో పోసి కలుపుతోంది. తర్వాత రెండు చేతులా మర్దించి, ముద్ద తీసి, బోర్లించిన పళ్లెం మీద పొడిపిండి జల్లి తట్టడం మొదలుపెట్టింది. తడుతుంటే రొట్టె దానంతటదే తిరుగుతోంది. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి తిప్పింది. రొట్టె పొంగింది. పనిలోకి దిగేలోపు ఇంటిల్లిపాదికీ పగటికి సరిపడా కాల్చి గుడ్డలో చుట్టిపెట్టాలి. చేలోకి పట్టుకెళ్లి బుడ్డల (వేరుశనగ) పొడి, ఉల్లిగడ్డతో తింటారు.

ఇక్కడ బియ్యం దొరుకుతాయి కదమ్మా, ఇంత చలిలో ఈ కష్టమెందుకు అని అడిగాను. "అన్నం తింటే రెండు గంటలకే ఆకలైతాదమ్మా. రొట్టె తింటే పొద్దుమునిగేదాకా వంగి పని జేయొచ్చు" అంది. మా అమ్మమ్మ మాటే.

తర్వాత తట్టిన రొట్టె రెండు చోట్ల విరిగింది. దాన్ని పక్కన పెట్టి, పిండి పాతబడిందమ్మా అంది. జొన్నపిండి అంతే, పట్టించి రోజులు గడిచేకొద్దీ జిగి పోతుంది. ఎంత వేడినీళ్లు పోసినా అతకదు. అందుకే వీళ్లు ఊరి నుంచి కొంత పిండి, కొంత జొన్నలు తెచ్చుకుంటారు. పిండి అయిపోయాక జొన్నలు పట్టించాలి. మా ఊళ్లో ఉన్నది ఒకటే మర. ఆ సీజన్లో అది ఆడేది మిరపకాయలు. మరవాడు జొన్నలు పట్టనంటాడు, పట్టినా పిండిలో కారం కలుస్తుంది. పగలంతా కారంలో పనిచేసి వచ్చి ఆ పిండిని చేత్తో కలపాలి, ఆ రొట్టె పసిపిల్లలకు పెట్టాలి. లేదంటే ఆటో మాట్లాడుకుని పర్చూరో చిలకలూరిపేటో వెళ్లాలి. ఆ పూట కూలి పోతుంది, ఆటో ఖర్చు పైన. తెచ్చుకున్న జొన్నలు కూడా అయిపోతే కొందామన్నా ఊళ్లో కిరాణా కొట్లో దొరకవు. అంతా సన్నబియ్యమే.

ఇక్కడ జొన్న పండదా అంటే, పండుతుంది. తెనాలి వైపు వరి కోసేసిన మాగాణుల్లో, దుక్కి లేకుండానే రబీ జొన్న వేస్తారు. దిగుబడి కూడా గొప్పగా వస్తుంది. ఆ గింజలు ఎక్కువగా కోళ్ల దాణాకు పోతాయి. శ్రీనాథుడు పల్నాడులో జొన్న తప్ప ఇంకేమీ లేదని గోలపెట్టాడు. ఆ పల్నాడు పక్కనే మా ఊళ్లో ఇప్పుడు జొన్న కావాలన్న మనిషికి జొన్న దొరకదు. కోడికి దొరుకుతుంది.

ఈ మాట ఊళ్లో ఎత్తితే రైతులు చిరాకుపడతారు. వాళ్ల బాధ వాళ్లది. 2021-22లో నల్లతామర పురుగు మిరపను ఊడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఖర్చులో కోతకూలీదే పెద్ద వాటా. మేమే గొడ్డుకారం మెతుకులు తింటుంటే కూలీలకు జొన్నలెక్కడ తెచ్చేది అన్నాడు మా కౌలు అబ్బాయి. నిజమే. అందుకే ఇది రైతు నెత్తిన వేయాల్సిన బరువు కాదంటున్నాను. రేషన్ కార్డు రాష్ట్రంలో ఎక్కడైనా చెల్లుతుంది. కోసిగి కార్డు చూపించి పర్చూరు మండలంలో సరుకు తీసుకోవచ్చు. అంటే మనిషి ఎక్కడున్నాడో ప్రభుత్వానికి తెలుసు. ఎక్కడున్నా తినేది ప్రధానంగా బియ్యమే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. రుచి సంగతి పక్కన పెట్టండి, ఇది పని చేసే ఒంటికి పడే తిండి సంగతి.

మన పిల్లలు పరాయి దేశంలో గోంగూర దొరకలేదంటే మనం గుంటూరులో కొరియర్ ఆఫీసు ముందు పచ్చళ్ల డబ్బాలు పట్టుకుని నిలబడతాం. పచ్చళ్లు, పొడులు కట్టి పంపడమే వ్యాపారంగా పెట్టుకున్న కొట్లు ఊరంతా ఉన్నాయి. ఆ బెంగ ఏమిటో మనకు బాగా తెలుసు. మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చి మన చేలో వంగినవాళ్లకు అదే బెంగ ఉంటుందని తోచకపోవడానికి కారణం ఒక్కటే. ఆ వచ్చేవాళ్లు కూలీలు. అమెరికా వెళ్లినవాడి నాలుకకు ఉన్న గౌరవం ఆదోని నుంచి వచ్చినవాడి నాలుకకు మనం ఇవ్వలేదు. ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. విదేశాల్లో స్థిరపడ్డ మా ఊరి పిల్లలు గుడికీ, ఊరి ముఖద్వారానికీ చందాలు పంపుతున్నారు. ఈసారి జొన్నలకు విడిగా ఒక చిన్న పిండిమరకు పంపండి. పంచాయతీ చోటిస్తే నడుపుకుంటామని మా ఊరి డ్వాక్రా ఆడవాళ్లు అంటున్నారు. సీజన్ కాని నెలల్లో ఊరివాళ్లకే రాగులు, సజ్జలు పట్టొచ్చు, మర ఖాళీగా ఉండదు. రైతులు చేయగలిగింది కూడా ఉంది. గట్టు మీద పట్టాల బదులు ఒక రేకుల షెడ్డు, తాగేందుకు క్యాను నీళ్లు. కోతల్లో మనుషుల కోసం పక్క రైతుతో పోటీ పడేవాళ్లకు ఇది నష్టం బేరం కాదు, ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు.

మిగిలింది పౌరసరఫరాల శాఖ. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిరప మండలాల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కార్డు తెచ్చినవాళ్లకు బియ్యం బదులు జొన్నలు తీసుకునే వీలు కల్పించండి. ఆ జొన్నలు తెనాలి రైతుల దగ్గరే కొనండి. కోతలకు మొదటి లారీలు సంక్రాంతి ముందే దిగుతాయి కాబట్టి, ఆ ఉత్తర్వు డిసెంబరులోనే రావాలి.